మళ్ళీ పుట్టని సతి

పుస్తకం ముగింపు నచ్చలేదని ఎవరైనా అంటే, ముఖ్యంగా కళ్ళు తుడుచుకుంటూ అంటే, దాన్ని విమర్శగా లెక్కవెయ్యకూడదని నాకు చదువు నేర్పింది. ఎం.ఏ.లోనూ ఆ తర్వాత పరిశోధన చేసిన ఆరేళ్ళలోనూ నేను నమ్మినదదే. పాత్ర చచ్చిపోయిందని బాధపడేవాళ్ళు పాఠకులు. ఆ చావు కథలో ఏం పని చేస్తోందో చూసేవాళ్ళు విమర్శకులు. ఈ రెండింటి మధ్య గీసిన గీత ఎంత తప్పో నాకు తెలిసింది విశ్వవిద్యాలయంలో కాదు. మా కోసిగిలో, మా ఇంటి అరుగు మీద తెలిసింది.

నిరుడు ఉగాది దాటాక, సుగ్గికి పోయినవాళ్ళు ఒక్కొక్కరే ఊరికి తిరిగొస్తున్న రోజుల్లో, నేను మూడు పుస్తకాలు పట్టుకుని ఇంటికి వెళ్ళాను. అవి అమీష్ త్రిపాఠి శివ నవలాత్రయానికి తెలుగు అనువాదాలు. పురాణాన్ని ఫాంటసీగా మార్చిన ఇటీవలి నవలల మీద ఒక వ్యాసం రాయాలి. తీరా చూస్తే నాకంటే ముందు ఆ పుస్తకాలను ముగ్గురమ్మాయిలు పట్టుకుపోయారు. ఇద్దరు ఆదోనిలో డిగ్రీ చదువుతున్నారు. మూడో అమ్మాయి ఇంటర్‌తో ఆగిపోయింది. రెండేళ్ళుగా ఇంటివాళ్ళతో గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి పోతోంది. సాయంత్రాలు అరుగు మీద ఎవరో ఒకరు పైకి చదివేవాళ్ళు. ఎందుకంటే వినడానికి వచ్చి కూర్చున్న ఆడవాళ్ళలో సగం మందికి చదవడం రాదు. వాళ్ళలో పెద్దది మా వీధి అవ్వ.

ఈ నవలలు తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. ఇంగ్లీషులో మొదటి పుస్తకం 2010లో, రెండోది 2011లో, మూడోది 2013 ఫిబ్రవరిలో వచ్చాయి. చివరి పుస్తకాన్ని మొదటి విడతలోనే అయిదు లక్షల ప్రతులు అచ్చువేశారంటే దానికోసం ఎంతమంది ఎదురుచూశారో ఊహించుకోవచ్చు. ఈ కథలో శివుడు దేవుడు కాదు. టిబెట్ నుంచి మెలూహా రాజ్యానికి వచ్చిన ఒక తెగ నాయకుడు. సోమరసం తాగితే ఆయన గొంతు నీలమవుతుంది. ప్రజలు ఆయన్ని తమ రక్షకుడు నీలకంఠుడని నమ్ముతారు. సతి దక్ష చక్రవర్తి కూతురు. మంచి యోధురాలు. కానీ మొదటి కాన్పులో బిడ్డ పోయాడనీ, అదే రోజు భర్త కూడా పోయాడనీ ఆమెను 'వికర్మ' అంటారు. పూర్వజన్మ పాపం అనుభవిస్తున్నది కాబట్టి ఆమెను ఎవరూ తాకకూడదు. శివుడు ఆ చట్టాన్ని ఎత్తివేయించి ఆమెను పెళ్ళిచేసుకుంటాడు. రెండో పుస్తకంలో నిజం బయటపడుతుంది. బిడ్డ చనిపోలేదు. అవయవాలు వేరుగా ఉన్నాయని తండ్రే ఆ బిడ్డను నాగుల్లో కలిపేశాడు. ఆ బిడ్డే గణేశుడు. సతికి కాళి అనే కవల చెల్లెలు కూడా ఉంది. ఆమెనూ అలాగే దాచేశారు. మూడో పుస్తకం 'వాయుపుత్రుల శపథం'లో సోమరసమే చెడుకు మూలమని తేలుతుంది. దాని తయారీ సరస్వతి నీళ్ళను తాగేస్తుంది. దాని విషం వేరే నదిలో కలిసి ఎక్కడో దిగువ జనాన్ని చంపుతుంది. యుద్ధం వస్తుంది. దక్షుడు సంధికి పిలుస్తాడు. శివుడు లేని సమయంలో ఆయన బదులు సతి వెళ్తుంది. ఆ పిలుపు శివుణ్ణి చంపడానికి పన్నిన వల. ఈజిప్టు నుంచి తెప్పించిన హంతకులతో పోరాడి సతి చనిపోతుంది. శివుడు వాడకూడని పాశుపతాస్త్రాన్ని వాడి దేవగిరి నగరాన్ని బూడిద చేస్తాడు.

చివరి పుస్తకం మీద మా అరుగు మీద వచ్చిన మాటలు మూడు రకాలు. ఆదోనిలో చదివే ఒకమ్మాయికి సతి చనిపోయే ఘట్టం చాలా నచ్చింది. "పాత సినిమాలో మాదిరి మంటల్లో దూకలేదు గదక్కా. కత్తి పట్టుకొని పోరాడి పోయింది" అంది. ఆ ఘట్టాన్ని రెండుసార్లు చదివించింది. రెండో అమ్మాయి శివుడి కోసం ఏడ్చింది. "మనకోసం ఒకాయన ఊరిని ఊరే కాల్చేసేంత ప్రేమ యాడుంటాదక్కా" అంది. మూడో అమ్మాయి మాత్రం చివరి పుస్తకం చదవలేదు. చివరి పేజీలు తిప్పి చూసి పక్కన పెట్టేసింది. "నేను రెండో పుస్తకం కాడ్నే నిల్చిపోతానక్కా. అక్కాచెల్లెండ్లు కలిసినారు. నాకు సాలు" అంది.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నేను పాఠం చెప్పాను. సతి కథ తెలియనివాళ్ళు ఎవరున్నారు, సతి చనిపోతుందని మొదటి పేజీ నుంచీ తెలిసిందే గదా, చావకుండా ఉంటే బాగుండునని కోరడం చిన్నపిల్లల చదువు అన్నాను. విషాదాంతం అనే మాట కూడా వాడాను. ఆ అమ్మాయి తల వంచుకుని వింది. ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను.

అవ్వ మాత్రం ఊరుకోలేదు. కథ అయిపోయిన రోజు నన్నే అడిగింది.

"పాపా, ఆయమ్మ మల్లా పుట్టేది ఏ పుస్తకంలో ఉండాది?"

"ఇంకో పుస్తకం లేదవ్వా. మూడే. అయిపోయింది."

"అయిపోయేదేంది? పార్వతమ్మ యింకా రాలేదే. దచ్చుని కూతురు సచ్చిపోతే పర్వతరాజు ఇంట్లో పుడ్తాది గదా."

"ఈ కథలో పుట్టదవ్వా. ఇందులో వీళ్ళంతా మనుషులే. మనుషులు చచ్చిపోతే మళ్ళీ ఎట్ల పుడ్తారు?"

"మనుషులైతే ఆయప్ప గొంతు నీలంగ ఎట్లాయ?"

అది సోమరసం వల్ల అని వివరించాను. అవ్వ కాసేపు ఆలోచించి, "ఆయప్ప గొంతుకు మందు దొరికింది గాని, ఆయమ్మ పుట్టేదానికి మందు దొరకలేదా?" అంది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను చదివిన ఏ విమర్శ వ్యాసమూ ఈ త్రయాన్ని ఇంత సూటిగా పట్టుకోలేదు.

అవ్వ ప్రశ్నను విమర్శ భాషలోకి తెస్తే ఇలా ఉంటుంది. ఈ త్రయం పురాణంలోని ప్రతి అద్భుతానికీ ఒక హేతువును వెతికింది. నీలకంఠానికి సోమరసం. గణేశుడి ఏనుగు ముఖానికీ కాళి అదనపు చేతులకీ పుట్టుకతో వచ్చిన అంగవైకల్యం. దేవతల దీర్ఘాయువుకు ఒక ఔషధం. అస్త్రాలకు ఒక శాస్త్రం. దేన్నీ వదిలిపెట్టలేదు. అంతా మానవ చరిత్రే అని నమ్మించడానికి చాలా శ్రమపడింది. ఒక్క అద్భుతం దగ్గర మాత్రం ఆ శ్రమ ఆగిపోయింది. అది సతి తిరిగి రావడం. పురాణంలో ఆమె చావు ఎంత ముఖ్యమో తిరిగి పుట్టడం అంత ముఖ్యం. రచయిత మొదటిదాన్ని ఉంచుకున్నాడు, రెండోదాన్ని వదిలేశాడు.

మన సంప్రదాయం ఈ రెండింటినీ విడదీయలేదు. కాళిదాసు కుమారసంభవాన్ని హిమాలయంతో, పార్వతితో మొదలుపెడితే, మన నన్నెచోడుడు తన కుమారసంభవంలో సతి కథను, దక్షయజ్ఞాన్ని ముందు చెప్పి ఆ తర్వాతే పార్వతి దగ్గరికి వస్తాడు. 1909లో మానవల్లి రామకృష్ణకవి ఆ కావ్యాన్ని వెలికితీసి ప్రకటించినప్పటి నుంచీ పండితులు దాని కాలం గురించి బోలెడంత వాదించుకున్నారు. ఆ కూర్పు గురించి ఆలోచిస్తే నాకిప్పుడు వేరే సంగతి కన్పిస్తోంది. ఒకే పుస్తకంలో చనిపోయిన స్త్రీ, తిరిగి వచ్చిన స్త్రీ ఇద్దరూ ఉన్నారు. పోతన భాగవతం నాలుగో స్కంధంలో దక్షయజ్ఞం ముగిసేసరికి సతి హిమవంతుడి ఇంట పుట్టిందని తెలుస్తుంది. కోసిగి అవ్వలు ఈ గ్రంథాలేవీ చదవలేదు. వాళ్ళకు హరికథలున్నాయి. 1962లో వచ్చిన 'దక్షయజ్ఞం' సినిమా ఉంది. అందులో రామారావు శివుడు, దేవిక సతి, రంగారావు దక్షుడు. ఆ కథ తెలిసిన మనిషికి సతి చావు కథలో సగమే. మిగతా సగం రాకపోతే పుస్తకం చిరిగిపోయిందేమోనని అడుగుతుంది. అవ్వ అడిగిందదే.

ఇక్కడ స్త్రీవాదులు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. నేనే చెప్పుకున్నాను. తిరిగి పుట్టి అదే భర్త కోసం తపస్సు చెయ్యడం విముక్తి ఎలా అవుతుంది? పుట్టింటి అవమానానికి ఒళ్ళు కాల్చుకున్న స్త్రీని మరో జన్మలో మళ్ళీ పెళ్ళికూతురిని చెయ్యడం పితృస్వామ్యం ఇచ్చే ఓదార్పే గదా? నిజమే. మన పల్లెల్లో అన్యాయంగా చనిపోయిన ఆడవాళ్ళను పేరంటాలమ్మలుగా నిలబెట్టి పూజించే అలవాటు కూడా అలాంటిదే. చంపినవాళ్ళే గుడి కట్టవచ్చు. అయితే ఒక తేడా ఉంది. పార్వతిగా వచ్చినప్పుడు కథ మళ్ళీ ఆమె చేతికి వస్తుంది. కోరిక ఆమెది, తపస్సు ఆమెది, నిర్ణయం ఆమెది. పేరంటాలమ్మకు కోపం వస్తుంది, ఊరు ఆమెకు జవాబు చెప్పుకోవాలి. ఈ త్రయంలో సతికి చనిపోయాక ఏ మాటా లేదు. ఆ తర్వాతి పేజీలన్నీ ఆమె భర్త శోకం, ఆమె భర్త కోపం, ఆమె భర్త అస్త్రం. ఆమె చావు ఆయన కథకు ఇంధనమైంది.

ఇది ఈ ఒక్క రచయిత చేసిన పని కాదు. 1999లో అమెరికాలో గెయిల్ సిమోన్ అనే కామిక్స్ అభిమాని, తర్వాత ఆమే కామిక్స్ రచయిత్రి అయింది, ఒక జాబితా తయారుచేసింది. హీరోకి కోపం తెప్పించడానికో, దుఃఖం తెప్పించడానికో కామిక్స్‌లో చంపిన, హింసించిన స్త్రీ పాత్రల జాబితా అది. 1994లో వచ్చిన ఒక కామిక్‌లో హీరో ఇంటికొచ్చి చూస్తే అతని స్నేహితురాలి శవం ఫ్రిజ్‌లో ఉంటుంది. ఆ జాబితాకు పేరు అక్కడి నుంచే వచ్చింది. మన సాహిత్యంలో అంత దూరం పోనక్కర్లేదు. గురజాడ పూర్ణమ్మ చెరువులో, కన్యక అగ్నిలో కలిసిపోయారు. మనం వాళ్ళను పాఠ్యపుస్తకాల్లో పెట్టుకుని తరాల తరబడి కన్నీళ్ళు పెట్టుకున్నాం. గురజాడ ఉద్దేశం వేరు, ఆ చావులు సమాజం మీద నేరారోపణలు. కానీ చనిపోతేనే ఆడదాని మాట వినిపిస్తుందన్న అలవాటు మాత్రం మన చెవులకు అలాగే ఉండిపోయింది.

మగ పాత్రల విషయంలో పాఠకుల గొణుగుడికి విలువ ఉంటుంది. కానన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ను చంపేస్తే చదివేవాళ్ళు ఒప్పుకోలేదు. 1903లో ఆయన బతికొచ్చాడు. దాన్ని ఎవరూ చిన్నపిల్లల చదువు అనలేదు.

పోరాడి చనిపోయిందని మురిసిన అమ్మాయి మాటను కూడా నేను కొట్టెయ్యను. నిప్పు స్థానంలో కత్తి రావడం చిన్న విషయం కాదు. పదో తరగతి అవగానే పెళ్ళి మాటలు మొదలయ్యే ఊళ్ళో, ఒంటినిండా గాయాలతో నిలబడి పోరాడే ఆడమనిషిని చదవడం ఆ అమ్మాయికి అవసరమైంది. కానీ కత్తి ఇచ్చిన చెయ్యే ఆమెకు రెండో రోజు ఇవ్వలేదని కూడా చూడాలి గదా.

ఆ పుస్తకంలో ఇంకో రెండు చావులున్నాయి. వాటిని మా అరుగు మీద మొదట ఎవరమూ పట్టించుకోలేదు. అయోధ్య రాకుమారి ఆనందమయి ఈ త్రయం మొత్తంలో అందరికంటే స్వేచ్ఛగా నవ్వే మనిషి. బ్రహ్మచర్యం పట్టిన సేనాపతి పర్వతేశ్వరుణ్ణి తనే కోరి, వెంటపడి పెళ్ళి చేసుకుంటుంది. దేవగిరి కాలిపోబోతోందని తెలిసీ ఆయన నగరంలోనే ఉండిపోతానంటాడు. ఆమె కూడా ఉండిపోతుంది. సతి తల్లి వీరిణి కూడా బయటికి రాదు. తన కవలల్లో ఒకరిని దాచి, రెండో కూతురు చావుకు కారణమైన భర్త పక్కనే కాలిపోతుంది. చదువుతున్నప్పుడు ఇది త్యాగంలా, ప్రేమలా సాగిపోతుంది. చివరి పుస్తకం చదవనన్న అమ్మాయే, పక్కన కూర్చుని విన్నది, అడిగింది: "మొగునితో పాటు కాలిపోతే దాన్ని ఏమంటారక్కా?"

దాన్ని ఏమంటారో మనందరికీ తెలుసు. 1829లో బెంటింక్ నిషేధించాడు. 1987లో రాజస్థాన్‌లోని దేవరాలాలో రూప్ కన్వర్ మంటల్లో పోయాక మళ్ళీ కొత్తగా చట్టం చేసుకోవలసి వచ్చింది. ఆ ఆచారానికి పెట్టిన పేరే ఈ కథానాయిక పేరు. పురాణంలో సతి భర్త శవంతో కాలలేదు, భర్త బతికుండగా తండ్రి మీద కోపంతో పోయింది. ఆమె పేరును ఆ ఆచారం ఎత్తుకుపోయింది. ఇరవై ఒకటో శతాబ్దపు నవలలో సతి నిప్పునుంచి తప్పుకుంటే, ఆ నిప్పు ఆమె తల్లికీ స్నేహితురాలికీ అంటుకుంది.

అప్పుడు అర్థమైంది నాకు, ఆ అమ్మాయి నిశ్శబ్దం ఒప్పుకోలు కాదని. తర్వాత మెల్లగా మాట్లాడింది. ఆమె అక్కకు పెళ్ళయిన ఏడాదికే భర్త పోయాడు. ఇప్పటికీ పేరంటాలకు పిలవరు. ఊళ్ళో ఎవరైనా బయటికి బయల్దేరుతుంటే అక్క లోపలికి వెళ్ళిపోతుంది. "వికర్మ అని చదివితే మా అక్కే అనిపించిందక్కా. ఆ చట్టం ఎత్తేసినారు అంటే ఎంత సంతోషమాయనో. మల్ల ఆయమ్మనే సంపితే, ఎత్తేసి ఏం లాభం?" అంది. ముగింపు తెలియక బాధపడిన మనిషి కాదు ఆమె. మొదటి పుస్తకం ఇచ్చిన మాటను మూడో పుస్తకం నిలబెట్టుకోలేదని లెక్క చూపిస్తున్న మనిషి.

అమెరికాలో జానిస్ రాడ్వే 1984లో ప్రేమనవలలు చదివే గృహిణుల గురించి ఒక పుస్తకం రాసింది. వాళ్ళ ఊరికి స్మిత్‌టన్ అని మారుపేరు పెట్టింది. ఆ స్త్రీలలో కొందరు నవల మొదలుపెట్టకముందే చివరి పేజీలు చూసుకునేవాళ్ళు. మనసును గాయపరిచే ముగింపు ఉంటే ఆ పుస్తకం వాళ్ళకు వద్దు. నేను దాన్ని చదివినప్పుడు జాలిపడ్డాను. సుఖాంతాలు వీళ్ళను లొంగదీస్తున్నాయని నోట్సు రాసుకున్నాను. కోసిగిలో చివరి పేజీలు తిప్పి చూసిన అమ్మాయి లొంగలేదు. ఒప్పుకోనని పుస్తకాన్ని మూసింది. చదవడం మానెయ్యడం కూడా ఒక తీర్పేనని నాకు ఏ తరగతిలోనూ చెప్పలేదు.

ఆడవాళ్ళు ఎక్కువగా మాట్లాడింది నీళ్ళ గురించి అని కూడా చెప్పాలి. తుంగభద్ర దగ్గరలోనే పారుతున్నా వానలు తప్పితే సుగ్గికి పోవలసిన ఊరు మాది. పై ఊరివాళ్ళ ఆయుష్షు కోసం ఒక నది ఎండిపోవడం, విషం కింది ఊరికి రావడం, బిడ్డలు వైకల్యంతో పుట్టడం వాళ్ళకు ఫాంటసీలా అన్పించలేదు. "ఊరు కాల్చినాడు సరే, నీళ్ళు యిడిసినారా లేదా?" అని ఒకామె అడిగింది. శివుడి దుఃఖం నగరాన్ని కాల్చి తీరింది. ఆ నగరంలో నీళ్ళు మోసినవాళ్ళు ఎవరన్న ప్రశ్న ఆ దుఃఖంలో పట్టలేదు.

పురాణాన్ని తిరగరాస్తే స్త్రీలు చావక తప్పదా? ఓల్గా 'విముక్త' కథల్లో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుస్తుంది. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అక్కడ కూడా సీత చివరికి భూమిలోకే వెళ్తుంది, కథ తెలిసిందే. అయితే ఆ లోపల ఆడవాళ్ళు ఒకరి బతుకు ఒకరికి చెప్పుకుని, దాంతో మారతారు. ఈ త్రయంలో కూడా అలాంటి తలుపు ఒకసారి తెరుచుకుంది. సతి, కాళి ఎదురుపడ్డ చోట, తండ్రి దాచిన చెల్లెల్ని అక్క గుర్తుపట్టిన చోట. ఆ అమ్మాయి ఆగిపోయింది సరిగ్గా ఆ చోటే. ఆమె చదువు తప్పుదారి పట్టలేదు. పుస్తకమే ఆ తలుపు మూసుకుంది.

తెలిసిన కథ కాబట్టి ముగింపు మార్చలేరని ఆ రోజు నేను అరుగు మీద చెప్పాను. అది అబద్ధం. రచయిత ముగింపు మార్చాడు. పార్వతిని తీసేశాడు. మార్చలేకపోవడం అనే నియమం ఆమె చావుకు మాత్రమే వర్తించింది.

నా వ్యాసాన్ని మళ్ళీ మొదటినుంచి రాశాను. అవ్వ ప్రశ్న అందులో ఉంది, పాఠకుల స్పందన అనే విభాగంలో కాదు, వాదంలో. మొన్న సుగ్గికి పోయేముందు ఆ అమ్మాయి వచ్చి మొదటి రెండు పుస్తకాలు అడిగి తీసుకెళ్ళింది, వాళ్ళ అక్కకు చదివి వినిపిస్తుందట. మూడోది కూడా ఇవ్వబోయాను. వద్దంది. ఈసారి నేనేమీ పాఠం చెప్పలేదు.